పొలం గట్టున పక్షి లెక్క: దక్కన్ బర్డర్స్ నాలుగు దశాబ్దాల కృషి

ఏటా జనవరి రెండు, మూడు వారాలలో హైదరాబాదు పరిసరాలలోని చెరువు గట్లపై తెల్లవారకముందే కొందరు చేరుకుంటారు. వారిలో బ్యాంకు ఉద్యోగులు, వైద్యులు, సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు, పదవీ విరమణ చేసినవారు, పాఠశాల విద్యార్థులు ఉంటారు. ఒకరు ముక్కాలి పీటపై దుర్భిణిని నిలిపి నీటి అంచు వెంబడి చూపు సారిస్తూ పక్షి పేరు, సంఖ్య చెబుతుంటే పక్కనున్నవారు పుస్తకంలో వ్రాసుకుంటారు. మాటలు తక్కువ. ఎండ ఎక్కేలోగా లెక్క ముగియాలి, ఎందుకంటే ఆ తరువాత నీటిపై వెలుగు మిరుమిట్లు గొలుపుతుంది, బాతులు నడినీటికి తరలిపోతాయి. ఆసియా నీటిపక్షుల గణన అనే ఈ కార్యక్రమం భారత ఉపఖండంలో 1987లో ఆరంభమై నేటికీ సాగుతున్నది. మన ప్రాంతంలో దానిని భుజాన వేసుకొన్న సంస్థలలో దక్కన్ బర్డర్స్ ఒకటి.

ఈ సంఘం 1980లో ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘంగా హైదరాబాదులో ఏర్పడింది. రాష్ట్ర విభజన తరువాత ప్రస్తుత నామాన్ని స్వీకరించింది. నెలకొక క్షేత్రయాత్ర, సమావేశం, ‘పిట్ట’ అనే పేరుతో ఒక వార్తాపత్రిక: ఇవి స్థూలంగా దాని కార్యక్రమాలు. మంజీరా జలాశయం, పోచారం, అనంతగిరి కొండలు, నర్సాపూర్ అడవి, అమీన్‌పూర్ చెరువు దాని సభ్యులు పదేపదే తిరిగిన చోట్లు. ఇలా పదేపదే తిరగడమే వారి పనిలోని అసలు విలువ. ఒక చోటికి ఒకసారి వెళ్ళి చూసి రావడం విహారం మాత్రమే. అదే చోటికి ఏటా అదే కాలంలో వెళ్ళి, చూసినదానిని, చూడనిదానిని కూడా వ్రాసిపెడితే అది దీర్ఘకాలిక ప్రయోగం అవుతుంది. ఎరువుల శాశ్వత ప్రయోగ క్షేత్రాలలో దశాబ్దాల తరబడి ఒకే మడిలో దిగుబడి నమోదు చేసే వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఈ విషయం విడమరచి చెప్పనవసరం లేదు.

ఈ ప్రాంతపు పక్షులకు ఒక ఆధారరేఖ కూడా ఉంది. సలీం అలీ 1931-32లో నిజాం ప్రభుత్వ సహకారంతో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపారు. దాని ఫలితాలు బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో 1933, 34 సంవత్సరాలలో భాగాలుగా వెలువడ్డాయి. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు ఈ నేలపై అంత క్రమమైన పరిశీలన అరుదు. ఆ లోటును చాలావరకు పూరించినవారు పక్షి శాస్త్రంలో పట్టాలు లేని ఔత్సాహికులే. సిరాజ్ తాహెర్, ఆశీష్ పిట్టీ కలిసి 1989లో ఆంధ్రప్రదేశ్ పక్షుల జాబితాను ప్రచురించారు. ఏ పక్షి ఏ జిల్లాలో కనబడిందన్న ప్రశ్నకు ఆ జాబితా చాలా కాలం తొలి సమాధానంగా నిలిచింది.

లెక్కించే పద్ధతి

దూరం నుండి చూసేవారికి ఇది సరదాగా తోచవచ్చు గాని, దీని పద్ధతి కలుపు మొక్కల లెక్కింపుకు చాలా దగ్గర. చదరపు మీటరు చట్రాన్ని పొలంలో అక్కడక్కడ వేసి కలుపును లెక్కించినట్లే, పెద్ద గుంపులో పక్షులను లెక్కించేవారు ముందు పది పక్షులు ఎంత మేర ఆక్రమిస్తాయో కంటితో కొలుచుకొని, ఆ కొలతతో గుంపంతటినీ విభజించి అంచనా వేస్తారు. గుంపు ఎగిరితే లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. ఇద్దరు వేరువేరుగా లెక్కించి పోల్చుకోవడం మంచి అలవాటు. క్రొత్తగా చేరినవారు పెద్ద గుంపులను తక్కువగా అంచనా వేస్తారని అనుభవజ్ఞులు హెచ్చరిస్తుంటారు.

చెరువులలో నీటిపక్షులను ఒకేసారి మొత్తంగా లెక్కించవచ్చు. పొలాలలో, తోటలలో, బీళ్ళలో అది సాధ్యం కాదు. అక్కడ ‘సంపూర్ణ జాబితా’ అనే పద్ధతి వాడుకలోకి వచ్చింది. కనీసం 15 నిమిషాలు ఒకచోట నిలబడి గాని, నడుస్తూ గాని గుర్తించిన ప్రతి జాతినీ వ్రాయాలి. నచ్చినవాటినే వ్రాసి కాకిని, మైనాను వదలివేయకూడదు. ఇటువంటి జాబితాలు వంద ఉండి, వాటిలో ఇరవైలో పాలపిట్ట ఉంటే, ఆ ప్రాంతంలో దాని నమోదు పౌనఃపున్యం 20 శాతం. పదేళ్ళ తరువాత అదే ప్రాంతపు వంద జాబితాలలో అది పన్నెండింటిలోనే కనబడితే ఏదో జరుగుతున్నదని అర్థం. కాకిని వదలివేసిన జాబితా ఈ గణితానికి పనికిరాదు. పక్షి లేదన్న సమాచారం ఉన్నదన్న సమాచారమంత విలువైనది కావడానికి కారణం ఇదే. సున్నా దిగుబడి వచ్చిన మడిని పట్టికలో ఖాళీగా వదలిన విద్యార్థికి మార్గదర్శకుడు ఏమి చెబుతాడో అందరికీ తెలిసినదే.

ఈబర్డ్ అనే అంతర్జాల వేదికలో దేశవ్యాప్తంగా ఇలా చేరిన మూడు కోట్ల పరిశీలనలను ఆధారం చేసుకొని 2023లో భారత పక్షుల స్థితి నివేదిక వెలువడింది. ఈ పరిశీలనలను అందించినవారు ముప్పై వేలకు పైగా ఔత్సాహికులు. మొత్తం 942 జాతులను పరిశీలించగా 178 జాతులకు అత్యధిక రక్షణ ప్రాధాన్యం అవసరమని తేలింది. దీర్ఘకాలిక ధోరణిని నిర్ణయించగలిగినవి 338 జాతులు మాత్రమే. వాటిలో 60 శాతం తగ్గుముఖం పట్టాయి. నెమలి మాత్రం గణనీయంగా పెరిగింది. నెమళ్ళ బెడదతో విసిగిన రైతుకు ఈ విషయం నివేదిక చూడకుండానే తెలుసు.

వ్యవసాయ శాస్త్రవేత్తలు ఆగి చదవవలసినది పాలపిట్ట సంగతి. తెలంగాణ రాష్ట్ర పక్షి ఇది, దసరానాడు దీనిని చూడటం శుభమని ప్రజల నమ్మకం. పన్నెండేళ్ళలో ఇది దేశంలో సుమారు 30 శాతం తగ్గినట్లు ఆ నివేదిక అంచనా వేసి, అంతర్జాతీయ స్థాయిలో దీని స్థితిని పునఃసమీక్షించాలని సూచించింది. ఇది అడవి పక్షి కాదు. కరెంటు తీగపై గాని, మోడుపై గాని కూర్చొని నేలపై కదిలే మిడతలను, కీచురాళ్ళను, పెంకు పురుగులను చూసి వాలి పట్టుకొంటుంది. అందుచేత దానికి పొట్టి గడ్డి, పలుచని పైరు, అక్కడక్కడ బట్టబయలు నేల కావాలి. గూటికి చెట్టు తొర్ర కావాలి. తల విరిగిన తాటి మోడు దానికి ఇష్టమైన నివాసం. గట్లను చదును చేసి, మోడులను పీకి, పొలాన్ని అంచు నుండి అంచు దాకా దట్టమైన ఒకే పైరుతో నింపి, పలుమార్లు పురుగుమందు కొట్టే చోట దాని బ్రతుకు కష్టమవుతుందని ఊహించవచ్చు. అయితే ఈ కారణాలలో దేని వాటా ఎంత అన్నది మన పొలాలలో కొలవవలసిన విషయం. ఆ కొలతకు పక్షి వీక్షకుడు ఒక్కడే చాలడు. పైరు, మందు, దుక్కి వివరాలు తెలిసిన మనిషి పక్కన ఉండాలి. దసరాకు పాలపిట్టను పట్టి పంజరంలో పెట్టి చూపించి డబ్బు అడగటం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమన్న మాట గ్రామ సభలలో చెప్పడానికి మాత్రం ఏ ప్రయోగమూ అవసరం లేదు.

లెక్క వలన ఏమి ఒరుగుతుంది

పక్షుల లెక్క విధానాలను మార్చగలదా అన్న సందేహానికి రాబందుల చరిత్ర సమాధానం. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కేవలదేవ్ ఉద్యానంలో 1980వ దశకంలో విభు ప్రకాశ్ రాబందుల గూళ్ళను లెక్కించి ఉంచారు. 1990వ దశకం చివర మళ్ళీ లెక్కించినప్పుడు పతనం కంటబడింది. మొదటి లెక్క లేకుంటే రెండవదానికి అర్థమే ఉండేది కాదు. తెల్లవీపు రాబందులు 1992 - 2007 మధ్య 99 శాతానికి పైగా నశించాయి. పశువులకు నొప్పి, వాపు తగ్గించడానికి వాడే డైక్లోఫెనాక్ మందు కళేబరం ద్వారా రాబందుల మూత్రపిండాలను దెబ్బతీస్తున్నదని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన నిర్ధారించింది. మన దేశంలో 2006లో పశువైద్యంలో దాని వాడకాన్ని నిషేధించారు. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను పశువులకు మళ్ళిస్తున్నారని గుర్తించి 2015లో ఆ సీసా పరిమాణాన్ని 3 మిల్లీలీటర్లకు కుదించారు. కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ నిషేధం 2023లో వచ్చింది. మెలాక్సికామ్ సురక్షిత ప్రత్యామ్నాయంగా ఉన్నది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్టపై 2013లో పొడుగు ముక్కు రాబందుల స్థావరం వెలుగులోకి వచ్చింది. ఆ గుట్ట చుట్టూ ఉన్న గ్రామాలలో పశువుకు ఏ సూది వేస్తున్నారన్నది అటవీశాఖ ఒక్కదాని సమస్య కాదు, విస్తరణ సిబ్బంది సమస్య కూడా.

రోళ్ళపాడు కథ ఇంకొక రకం. నేటి నంద్యాల జిల్లాలోని ఆ గడ్డినేలలో బట్టమేక పక్షులు ఉన్నాయన్న సంగతి 1980వ దశకంలో దేశంలోని పక్షి వీక్షకులందరినీ అటు ఆకర్షించింది. 1988లో అభయారణ్యం ప్రకటించారు. గడ్డినేలకు అడవికిచ్చే రక్షణ ఇచ్చారు. కృష్ణజింకలు పెరిగాయి, చుట్టూ ఉన్న చేలలో పడ్డాయి. పంట పోగొట్టుకొన్న రైతుకు అభయారణ్యంపై ఆగ్రహం కలగడం సహజం. ఆ ఆగ్రహం జింకతో ఆగక బట్టమేకకు కూడా తగిలింది. మరొక వైపు నీటి వసతి రావడంతో పరిసరాలలోని మెట్ట పైర్లు, పడావులు రూపు మారాయి. బట్టమేక రక్షిత ప్రాంతపు కంచెలోపల మాత్రమే బ్రతికే పక్షి కాదు. మిడతల కోసం, గింజల కోసం చుట్టూ ఉన్న చేలలో తిరుగుతుంది. ఆ చేలు మారితే కంచెలోపలి గడ్డి దానిని నిలుపలేదు. ఇటీవలి సంవత్సరాలలో అక్కడ బట్టమేక కనబడటమే గగనమైంది. దేశం మొత్తం మీద ఇవి 150కి మించి లేవని అంచనా.

ఈ వైఫల్యంలో వ్యవసాయ పరిశోధనకు కూడా పాత్ర ఉన్నదని ఒప్పుకోవాలి. చేసిన తప్పు కంటె చేయని పని పెద్దది. కృష్ణజింక మేసిన పైరుకు నష్టం ఎలా అంచనా కట్టాలి, ఏ పైరు వేస్తే రైతుకు ఆదాయం, పక్షికి ఆహారం రెండూ నిలుస్తాయి, పడావు పెట్టిన రైతుకు ఎంత చెల్లిస్తే అతడు అంగీకరిస్తాడు అన్న ప్రశ్నలు సస్యశాస్త్రానివి, వ్యవసాయ ఆర్థికశాస్త్రానివి. అవి వన్యప్రాణి శాస్త్రవేత్తల మీదనే పడ్డాయి. మన లెక్కలలో బీడుకు దిగుబడి లేదు గనుక దానికి విలువ లేదు. రికార్డులు దానిని ‘వ్యర్థ భూమి’ అంటాయి. ఖాళీగా ఉన్నదని మొక్కలు నాటే కార్యక్రమాలకు కేటాయిస్తారు. గడ్డినేలపై చెట్లు పెంచితే ఆకుపచ్చదనం పెరుగుతుంది గాని, నేలపై గూడు పెట్టే కౌజుపిట్టకు, తీతువుకు, శీతకాలంలో మధ్య ఆసియా నుండి వచ్చే హారియర్ గద్దలకు ఆ చోటు పోయినట్లే. దేశవ్యాప్త నివేదికలో అధికంగా తగ్గినవి గడ్డినేలల, బయలు ప్రదేశాల పక్షులే.

ఖాళీగా ఉన్న పటం

దక్కన్ బర్డర్స్ వంటి సంఘాల కృషిని కొనియాడుతూనే ఒక లోపాన్ని ప్రస్తావించాలి. వారి పరిశీలనలు నగరం చుట్టూ, జలాశయాల వద్ద, అభయారణ్యాలలో దట్టంగా ఉంటాయి. ఆదివారం వేకువన బయలుదేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరవలసిన వారికి అంతకు మించి సాధ్యం కాదు. పాలమూరు ఎర్ర నేలలు, ఆదిలాబాదు పత్తి చేలు, అనంతపురం వేరుసెనగ చేలు ఆ పటంలో చాలావరకు ఖాళీ. అంటే రాష్ట్ర భూభాగంలో అత్యధిక భాగాన్ని ఆక్రమించిన సాగు భూముల పక్షుల గురించే మనకు తెలిసినది తక్కువ. ఈ ఖాళీలోనే వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధన స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఉన్నాయి. అక్కడ శాస్త్రవేత్తలు ఏడాది పొడవునా పొలంలోనే ఉంటారు.

పరిశోధన క్షేత్రం పక్షులకు ఎంత ఆశ్రయం ఇవ్వగలదో తెలియడానికి పటాన్‌చెరులోని ఇక్రిశాట్ ప్రాంగణం దగ్గరి నిదర్శనం. 1972లో ఏర్పడిన ఈ సంస్థకు సుమారు 1400 హెక్టార్ల భూమి ఉన్నది. ఎర్ర నేల, నల్ల నేల, చెరువులు, జొన్న, సజ్జ, కంది, సెనగ, వేరుసెనగ చేలు, వాటి మధ్య సాగుచేయని భాగాలు అన్నీ అందులో ఉన్నాయి. అక్కడ రెండు వందలకు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. చుట్టూ పారిశ్రామికవాడ, నగరం కమ్ముకొన్న చోట ఇన్ని జాతులు నిలవడానికి కారణం ఆ వైవిధ్యమే.

వ్యవసాయంలో పక్షి ప్రసక్తి వచ్చేది సాధారణంగా రెండు సందర్భాలలో. ఒకటి నష్టం: పాలు పోసుకొనే జొన్న కంకిపై పిచ్చుకలు, పొద్దుతిరుగుడు పువ్వుపై, మొక్కజొన్న కండెపై చిలుకలు. ఒకనాడు మంచె ఎక్కి వడిసెల త్రిప్పిన చోట నేడు ఎండకు మెరిసి, గాలికి శబ్దం చేసే రిబ్బన్లను కడుతున్నారు. పక్షులు వాటికి అలవాటు పడకముందే, గింజ గట్టిపడే కొద్ది రోజులకే వాడితే ఫలితం ఉంటుంది. నెలల తరబడి కట్టి ఉంచితే అవి అలంకారంగా మిగులుతాయి. రెండవది మేలు: సమగ్ర సస్యరక్షణలో ఎకరాకు పది, ఇరవై చొప్పున పక్షి స్థావరాలు పెట్టాలన్న సిఫారసు. ప్రతి కరపత్రంలోనూ ఈ వాక్యం ఉంటుంది. కంది, సెనగ చేలలో కాయతొలుచు పురుగును తినడానికి పసులపోలిగాడు, గోరింక ఆ కర్రలపై వాలుతాయని ఆశ. సెనగలో అక్కడక్కడ జొన్న సాళ్ళు వేసి సజీవ స్థావరాలుగా వాడుకోవడం ఇంకా తెలివైన పని. కాని కర్ర పాతిన తరువాత దానిపై ఏ పక్షి వాలింది, రోజుకు ఎన్నిసార్లు వాలింది, ఏమి పట్టింది అని వ్రాసిన క్షేత్ర ప్రదర్శన నివేదికలు ఎన్ని? కర్రల సంఖ్య నమోదవుతుంది, పక్షుల సంఖ్య నమోదు కాదు. పసులపోలిగాడు లేని చోట పాతిన కర్ర ఉట్టి కర్ర. గింజ తినే పక్షులు ఎక్కువగా ఉన్న చోట జొన్న పాలు పోసుకొనే దశలో అదే కర్ర శత్రువుకు పీట. ఈ తేడా తెలియాలంటే గట్టుపై నిలబడి పక్షిని గుర్తుపట్టగల మనిషి కావాలి. ఆ నేర్పు నాలుగు దశాబ్దాలుగా పక్షి వీక్షకుల వద్ద ఉన్నది.

ఇచ్చిపుచ్చుకోవడానికి వీరి వద్ద లేనిది ఒకటి మన గ్రామాలలో ఉన్నది. పక్షి వీక్షకుల జాబితాలు, పత్రికలు అధికంగా ఆంగ్లంలో నడుస్తాయి. రైతుకు, గొర్రెల కాపరికి, పిట్టలు పట్టి బ్రతికినవారికి తెలిసిన పేర్లు వాటిలోకి ఎక్కలేదు. కలివి కోడి ఉదంతం ఇక్కడ స్మరణీయం. 1900 తరువాత ఎవరూ చూడలేదని, అంతరించిపోయిందని శాస్త్రలోకం భావించిన ఆ పక్షి 1986 జనవరిలో కడప జిల్లా లంకమల పరిసరాలలో తిరిగి దొరికింది. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ బృందం వెదుకుతుండగా దానిని పట్టి తెచ్చినవాడు స్థానికుడు. శాస్త్రానికి కనుమరుగైన పక్షికి ఆ ఊళ్ళలో పేరు మిగిలే ఉన్నది. అందుచేత ఒక ఊరిలో పక్షుల పేర్లను వయసు మళ్ళినవారి నుండి సేకరించి, ఆ పక్షిని చూపించి సరిచూసుకొని వ్రాసిపెట్టడం కూడా పరిశోధనే. పసులపోలిగాడిని ఏట్రింత అని కూడా అంటారు. ఇటువంటి పేర్లు ఒక తరం దాటితే దొరకవు.

చివరి సంవత్సరపు వ్యవసాయ డిగ్రీ విద్యార్థులు గ్రామీణ అనుభవ కార్యక్రమంలో నెలల తరబడి పల్లెలలో ఉంటారు. వారు భూసార నమూనాలు తీస్తారు, పురుగుల ఉధృతిని లెక్కిస్తారు, రైతుల వివరాలు సేకరిస్తారు. వారానికి రెండు ఉదయాలు అదే గట్టుపై 15 నిమిషాల జాబితా వ్రాయడం అదనపు భారం కాదు. జాబితాతో పాటు పైరు, దాని వయసు, కొట్టిన మందు, మందు కొట్టి ఎన్ని రోజులైందన్నది వ్రాస్తే పక్షి వీక్షకుల దగ్గర కూడా లేని సమాచారం తయారవుతుంది. దుర్భిణి లేకున్నా మొదలుపెట్టవచ్చు. పాలపిట్ట, పసులపోలిగాడు, గోరింక, కొంగ, చిలుక, పిచ్చుక, తీతువు, కౌజు, నెమలి, కాకి: ఈ పదింటినీ కంటితో, చెవితో గుర్తించగలవారు పల్లెలో పుట్టిన విద్యార్థులలో చాలామంది ఉంటారు. మిగతావాటికి సమీపంలోని పక్షి సంఘం సభ్యుని పిలిస్తే తప్పక వస్తారు. క్రొత్తవారిని వెంట తిప్పి నేర్పడం ఆ సంఘాల ఆనవాయితీ.

ఏటా ఫిబ్రవరిలో విద్యాసంస్థల ప్రాంగణాలలో జరిగే పక్షుల గణన నాలుగు రోజులు ఉంటుంది. కళాశాలలు దానిలో నేరుగా పాల్గొనవచ్చు. వ్యవసాయ కళాశాలకు తోటి కళాశాలలకు లేని సౌకర్యం ఒకటి ఉంది: దాని ప్రాంగణంలో సగానికి పైగా పొలాలే. ఆ రోజులకు కంది కోత అయిపోయి మోళ్ళు మిగిలి ఉంటాయి. సెనగ ఎండుముఖం పట్టి ఉంటుంది. యాసంగి వరి మడులలో దమ్ము చక్రాల వెనుక కొంగలు బారులు తీరుతాయి. బోరు గట్టు మీది తీగపై పాలపిట్ట ఉంటే ఒకటి అని, లేకుంటే సున్నా అని వ్రాయాలి.